అందం పైన, సుఖం లోపల: సోఫా విశేషాలు

సోఫా కొనేటప్పుడు మన కళ్ళు పడేది గుడ్డ మీద, రంగు మీద, చేతుల ఒంపు మీద. ఇంటికి తెచ్చాక ఏళ్ళ తరబడి మనల్ని మోసేది మాత్రం ఆ గుడ్డ కింద కనిపించకుండా ఉండే కర్ర, స్ప్రింగు, ఫోమ్. ‘పైన పటారం, లోన లొటారం’ అనే మాట సోఫాకు వర్తించినంతగా ఇంట్లో ఇంకే వస్తువుకూ వర్తించదేమో. అలాగని అందం కావాలంటే సుఖం వదులుకోవాల్సిన పనేం లేదు. చూడముచ్చటగా ఉంటూనే నడుముకు హాయినిచ్చే సోఫాలు ఉన్నాయి. వాటిని పోల్చుకునే గుర్తులూ ఉన్నాయి. అవి తెలియాలంటే గణితం, రసాయనం, వడ్రం, చరిత్ర అన్నీ కాస్త కాస్త తిరగెయ్యాలి.

అమరావతి శిల్పాల్లో మెత్తలు

మెత్త వేసిన ఆసనం మనకు పరాయిది కాదు. అమరావతి స్తూపం శిల్పాల్లో చాలాచోట్ల బుద్ధుణ్ణి మనిషి రూపంలో చూపించకుండా ఖాళీ సింహాసనంగా చెక్కారు. ఆ సింహాసనం మీద మెత్తలు, ముందు పాదముద్రలు కనిపిస్తాయి. రాతిలో మెత్తదనం చూపించడానికి శిల్పి పడ్డ శ్రద్ధ చూసి తీరాలి. వీటిలో చాలా ఫలకాలు ఇప్పుడు చెన్నై ప్రభుత్వ మ్యూజియంలోనూ, లండన్ బ్రిటిష్ మ్యూజియంలోనూ ఉన్నాయి. దాదాపు రెండు వేల ఏళ్ళ కిందట కృష్ణా తీరంలో గౌరవంగా కూర్చోబెట్టడమంటే మెత్త వేసి కూర్చోబెట్టడమే.

కూర్చునేది గాలి మీదే

‘ముప్పై రెండు డెన్సిటీ అండీ, ఢోకా లేదు’ అని షాపువాళ్ళు అంటుంటారు. ఆ 32 ఏమిటి? పొడవు, వెడల్పు, ఎత్తు తలా ఒక మీటరు ఉన్న ఫోమ్ దిమ్మ 32 కిలోలు తూగుతుందని అర్థం. అదే పాలియురితేన్ బుడగలు లేని గట్టి ముద్దగా ఉంటే సుమారు 1,200 కిలోలు తూగుతుంది. ఆ లెక్కన మన సోఫా ఫోమ్‌లో నూటికి 97 పాళ్ళు గాలే. మన బరువంతా మోసేది మిగతా మూడు పాళ్ళ పదార్థం. అది నాలుగు పాళ్ళయినా, రెండు పాళ్ళయినా చేతికి వెంటనే తెలియదు. రెండేళ్ళు పోయాక సీటు మధ్యలో పడ్డ గుంట చెబుతుంది.

దీన్ని ఇంట్లోనే తేల్చుకోవచ్చు. రెండడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, ఐదంగుళాల మందం ఉన్న సీటు మెత్తను జిప్పు తీసి, లోపలి ఫోమ్‌ను తక్కెట్లో పెట్టండి. 32 డెన్సిటీ అయితే కిలోన్నర రావాలి. 40 అయితే కిలో 900 గ్రాములకు దగ్గరగా రావాలి. 900 గ్రాములే వచ్చిందంటే అది 20 కూడా లేని సరుకు. ఒక్క జాగ్రత్త: బరువు కోసం ఫోమ్‌లో సుద్దపొడి లాంటివి కలిపే పద్ధతి కూడా ఉంది. కాబట్టి తూకంతో సరిపెట్టుకోకుండా డెన్సిటీని, గ్యారంటీని బిల్లు మీద రాయించుకోవాలి.

ఇంకో సంగతి చాలామంది తికమకపడేది. డెన్సిటీ వేరు, గట్టిదనం వేరు. ఎక్కువ డెన్సిటీ ఉన్న ఫోమ్ మెత్తగానూ ఉండొచ్చు, తక్కువ డెన్సిటీది చెక్కలా గట్టిగానూ ఉండొచ్చు. గట్టిదనం చెప్పేది కూర్చుంటే ఎంత దిగుతామో. డెన్సిటీ చెప్పేది ఆ మెత్త ఎన్నాళ్ళు అలాగే ఉంటుందో. షోరూంలో వేలితో నొక్కి చూస్తే తెలిసేది మొదటిదే. వీపు వైపు మెత్తలకు తక్కువ డెన్సిటీ చాలు, వాటి మీద పడే భారం తక్కువ. డబ్బు పెట్టాల్సింది సీటు మీద.

ఈ పాలియురితేన్ రసాయనాన్ని 1937లో జర్మనీలోని లెవర్‌కూసెన్‌లో ఒట్టో బేయర్ బృందం కనుక్కుంది. ఆయన ఇంటిపేరు, పనిచేసిన కంపెనీ పేరు ఒకటే గానీ ఆ కంపెనీ పెట్టిన కుటుంబంతో ఆయనకు చుట్టరికం లేదు. మెత్తటి ఫోమ్ బజారుకు బాగా వచ్చింది 1950ల్లో. అంతకుముందు యూరప్ సోఫాల్లో గుర్రపు వెంట్రుకలు కూరేవారు. మన ఇళ్ళల్లో బూరుగు దూది, పత్తి. బూరుగు దూది మెత్తలు ఎండలో వేసి కర్రతో దులిపితే మళ్ళీ పొంగేవి. ఫోమ్‌కు ఆ గుణం లేదు, అణిగిపోతే అంతే.

మోకాలికి తెలిసిన కొలత

నా మటుకు నాకు సోఫాలో అన్నిటికన్నా ముఖ్యమైన అంకె ధర కాదు, సీటు ఎత్తు. కూర్చున్న మనిషి లేవడమంటే ఒంటి బరువంతా మోకాళ్ళ మీదుగా పైకెత్తడం. సీటు కిందికి పోయిన కొద్దీ మోకాలి మీద భారం పెరుగుతుంది. ఈ మధ్య ఫ్యాషన్‌గా వస్తున్న లో సీటింగ్ సోఫాల్లో సీటు 14, 15 అంగుళాల ఎత్తులోనే ఉంటుంది. ఫొటోల్లో గది విశాలంగా, దర్జాగా కనిపిస్తుంది. అరవై దాటిన అమ్మ అందులో కూర్చుని, లేవడానికి ఒక చేతిని టీపాయ్ మీద ఆనించి, ఇంకో చేతిని మనవైపు చాపినప్పుడు ఆ దర్జా ఎందుకూ కొరగాదు.

మామూలుగా 16 నుంచి 18 అంగుళాలు సరిపోతుంది. పెద్దవాళ్ళుంటే 18 వైపే మొగ్గండి. కొలవాల్సింది ఖాళీ సీటును కాదు, మనిషి కూర్చున్నాక. మెత్తటి ఫోమ్ రెండు మూడంగుళాలు దిగిపోతుంది. చేతులు కూడా చూడాలి. పైకి లేచేటప్పుడు అరచేయి ఆనించి నొక్కడానికి చేతి పైభాగం చదునుగా, గట్టిగా ఉండాలి. గుండ్రంగా జారిపోయే చేతులు, మెత్తటి దిండు చేతులు చూడటానికి ముద్దుగా ఉంటాయి గానీ లేచేటప్పుడు ఆసరా ఇవ్వవు.

ఇక లోతు. వీపు వెనక్కి ఆనించి కూర్చుంటే సీటు అంచుకూ, మోకాలి వెనక భాగానికీ మధ్య రెండు మూడు వేళ్ళ సందుండాలి. సందు లేకపోతే తొడ కింద ఒత్తుకుని కాళ్ళు తిమ్మిరెక్కుతాయి, లేదా వీపు ఆనకుండా ముందుకు జరిగి కూర్చోవాల్సి వస్తుంది. ఐదడుగుల మనిషికి ఒక లోతు బాగుంటుంది. ఆరడుగుల మనిషికి అది చాలదు. అహ్మదాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ 1997లో ఓ పుస్తకం ప్రచురించింది. దేబ్‌కుమార్ చక్రవర్తి భారతీయుల శరీర కొలతలను వరసగా పట్టికలు కట్టిన పుస్తకమది. విదేశీ కొలతలతో చేసిన కుర్చీలు మనకెందుకు ఇబ్బందో తెలియాలంటే అలాంటి పట్టికలు చూడాలి.

కానీ కొలతలకు అందని మన అలవాటు ఒకటుంది. చెప్పులు విడిచి, కాళ్ళు పైకి పెట్టుకుని, సోఫాలోనే బాసింపట్టు వేసుకుని కూర్చోవడం. అలా కూర్చోవాలంటే 24 అంగుళాల లోతు కావాలి. ఒకే సోఫా ఈ రెండు అవసరాలూ తీర్చలేదు. అందుకే సెట్టంతా ఒకే అచ్చులో తీసుకోవడం నాకు నచ్చదు. లోతైన త్రీ సీటర్ ఒకటి, పెద్దవాళ్ళ కోసం నిటారుగా, ఎత్తుగా, గట్టి చేతులున్న సింగిల్ ఒకటి తీసుకుని, గుడ్డ రంగుతో రెండిటినీ కలుపుకోవచ్చు.

పేస్టు ట్యూబులోంచి పుట్టిన సోఫా

1973లో ఫ్రెంచి డిజైనర్ మిషెల్ డుకారోయ్ ‘టోగో’ అనే సోఫా గీశారు. వాడి మడతపెట్టిన పళ్ళ పేస్టు ట్యూబు ఆయనకు ఆ ఆకారం ఇచ్చిందంటారు. దాంట్లో కర్ర లేదు, ఇనుము లేదు. రకరకాల డెన్సిటీల ఫోమ్ పొరల మీద ముడతలు ముడతలుగా కుట్టిన గుడ్డ, అంతే. యాభై ఏళ్ళయినా లీన్ రోజే కంపెనీ ఇంకా అమ్ముతూనే ఉంది. పడుచువాళ్ళకు అందులో ఒరిగితే స్వర్గం. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకు అది నేలమీద కూర్చున్నట్టే.

కుషన్లు కుట్టే పని లేదన్నారు

1927లో షార్లెట్ పెర్రియాండ్ అనే ఇరవై నాలుగేళ్ళ అమ్మాయి పారిస్‌లో ఆర్కిటెక్ట్ ల కార్బూజియే స్టూడియోకు ఉద్యోగం అడగడానికి వెళ్ళింది. ఇక్కడ కుషన్ల మీద కుట్టుపనులు చేసుకోము అన్నట్టుగా మాట్లాడి ఆయన ఆమెను పంపేశారు. ఆ ఏడాదే ఓ ప్రదర్శనలో ఆమె ఉక్కుతో, అల్యూమినియంతో చేసిన బార్ గది చూసి మనసు మార్చుకున్నారు. 1928లో ఆమె, ల కార్బూజియే, ఆయన దగ్గరి బంధువు పియర్ జన్నరే కలిసి చేసిన సోఫా కుర్చీ ఇవాళ ఎల్‌సీ2 పేరుతో ప్రపంచమంతా తెలుసు. అంతవరకూ సోఫాల్లో చట్రం లోపల, మెత్త బయట. వీళ్ళు తిరగేశారు. మెరిసే ఉక్కు గొట్టాల చట్రం బయటికి వచ్చింది, మందపాటి మెత్తలు అందులో సర్దుకున్నాయి. అందం, సుఖం రెండూ దాపరికం లేకుండా కళ్ళెదుట కనిపించే వస్తువది. ఆ మెత్తల్లో పెర్రియాండ్ చేతి పని ఉందన్న సంగతి చాలాకాలం చాటునే ఉండిపోయింది. ఆమెకు రావాల్సిన పేరు ఆలస్యంగానైనా వచ్చింది, సంతోషం.

ఆ జన్నరేనే తర్వాత చండీగఢ్ నగర నిర్మాణానికి వచ్చి, 1950ల్లో ఆఫీసుల కోసం టేకు, పేముతో కుర్చీలు, సోఫాలు చేయించారు. మంచి టేకు చెదలకు తొందరగా లొంగదు, పేము అల్లికలోంచి గాలి ఆడుతుంది. మన వాతావరణానికి అంతకన్నా తగిన జోడీ లేదు. ఆ కుర్చీలు పాతబడ్డాక తుక్కు కింద పారేశారు. ఏరుకున్నవాళ్ళు బాగుచేసి విదేశీ వేలంపాటల్లో లక్షల రూపాయలకు అమ్ముకున్నారు. ఇంట్లో తాతల నాటి పేము సోఫా ఉంటే పాత సామాన్లవాడికి ఇచ్చేసే ముందు ఒకసారి ఆలోచించండి. పేము మళ్ళీ అల్లించుకోవచ్చు, ఆ టేకు మళ్ళీ దొరకదు.

పెదవుల సోఫా, పద్దెనిమిది గుండ్రాల సోఫా

చిత్రకారుడు సాల్వదోర్ దాలీ హాలీవుడ్ నటి మే వెస్ట్ పెదవుల ఆకారంలో ఎర్రటి సోఫా ఊహించారు. ఎడ్వర్డ్ జేమ్స్ అనే ఇంగ్లీషు కళాపోషకుడు 1930ల చివర్లో దాన్ని చేయించారు. అది చూడ్డానికే.

1956లో అమెరికాలో హెర్మన్ మిల్లర్ కంపెనీ తెచ్చిన ‘మార్ష్‌మెలో’ సోఫాకు 18 గుండ్రటి మెత్తలుంటాయి. డిజైనర్ జార్జ్ నెల్సన్ ఆఫీసులో ఇర్వింగ్ హార్పర్ గీసిన డిజైన్ అది. చవగ్గా చేయొచ్చన్న ఆశతో మొదలుపెట్టారు గానీ అనుకున్న ఫోమ్ బిళ్ళలు పనికిరాలేదు. ఒక్కో మెత్తా విడిగా చేత్తో కుట్టాల్సి రావడంతో ఖరీదు పెరిగిపోయింది.

ఒక మూల ఎత్తి చూడండి

షోరూంలో అందరూ కూర్చుని చూస్తారు. ఎత్తి చూసేవాళ్ళు తక్కువ. సోఫా ముందు కాళ్ళలో ఒకదాన్ని పట్టుకుని అరడుగు పైకి లేపండి. రెండో ముందు కాలు కూడా దాంతోపాటు నేల వదిలిందా, చట్రం బిగువుగా ఉన్నట్టు. అది ఇంకా నేలకు అంటుకునే ఉంటే చట్రం మెలితిరుగుతోందని అర్థం. ఆ మెలి రోజురోజుకీ కీళ్ళను వదులు చేసి, కిర్రుకిర్రుమనిపిస్తుంది.

తర్వాత సోఫాను వెనక్కి వాల్చమనండి. అడుగున పల్చటి నల్లగుడ్డ పిన్నులతో బిగించి ఉంటుంది. ఒక మూల విప్పి చూపించమని అడగడం తప్పు కాదు, వేలకు వేలు పోస్తున్నాం కదా. లోపల టార్చి వేస్తే అసలు బండారమంతా కనిపిస్తుంది. కర్ర మీద బెరడు ముక్కలు, సన్నటి చిల్లులు, ఆ చిల్లుల కింద పిండిలాంటి పొడి ఉంటే పురుగు పట్టిన కర్ర. మూలల్లో అడ్డంగా దిమ్మలు వేసి జిగురు పెట్టి స్క్రూలు బిగించారా, లేక పిన్నులతో సరిపెట్టారా చూడండి. స్ప్రింగులు వంకీలు తిరిగిన రకమైతే దగ్గరదగ్గరగా ఉండాలి. ఎలాస్టిక్ బెల్టులైతే నిలువుగా, అడ్డంగా అల్లి ఉండాలి. ఒకే వైపు లాగిన బెల్టులు తొందరగా సాగిపోతాయి.

టేకు అనగానే టేకు అయిపోదు. చెదలను దూరంగా ఉంచే సహజమైన నూనెలు, రసాయనాలు ఉండేది చెట్టు నడిమి భాగంలో, అంటే చేవలో. బయటి తెల్ల చెక్కకు ఆ రక్ష లేదు. పాలిష్ పట్టిస్తే రెండూ ఒకేలా కనిపిస్తాయి. మన వడ్రంగులు బల్లార్షా టేకును మెచ్చుకుంటారు. బర్మా టేకు పేరు ఇంకా వినిపిస్తూనే ఉంది గానీ మయన్మార్ 2014 ఏప్రిల్ 1 నుంచి దుంగల ఎగుమతి ఆపేసింది. మలేసియా నుంచి వచ్చే సామానులో రబ్బరు చెట్టు కర్ర ఎక్కువ. పాలు తీయడం అయిపోయిన ముసలి రబ్బరు చెట్లను కొట్టి వాడతారు. సరిగ్గా ఆరబెట్టి, మందు పట్టిస్తే అది మంచి కర్రే. పనికిరానిది పొట్టు నొక్కి చేసిన పార్టికిల్ బోర్డు. రోజూ తడిగుడ్డ పెట్టే మన ఇళ్ళల్లో దాని అడుగు ఉబ్బిపోతుంది. కాళ్ళు ఐదారంగుళాల ఎత్తుంటే చీపురు కిందికి వెళ్తుంది, తడి కూడా తగలదు.

నూనె తల, పెచ్చులూడే తోలు

మనం వాడే రెగ్జిన్ అనే పేరు ఇంగ్లండ్‌లో మాంచెస్టర్ దగ్గరి హైడ్ అనే ఊళ్ళో ఉన్న ఓ కంపెనీ బ్రాండు. గుడ్డ మీద పూత పూసి తోలులా కనిపించేలా చేసిన సరుకు అది. ఇప్పుడు లెదరెట్, పీయూ లెదర్ పేర్లతో అమ్మేవన్నీ దాని వారసులే. వీటిలో పీయూ లెదర్ పైపూత పాలియురితేన్. గాలిలోని తేమ దాని అణువుల గొలుసులను మెల్లగా తెంపుతుంది. అందుకే విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి తీరపు ఊళ్ళల్లో ఈ సోఫాలు పెచ్చులూడటం ఎక్కువ. తల ఆనేచోట ముందుగా ఊడటానికి చెమట, తలనూనె కూడా కారణం. మన అమ్మమ్మలు సోఫా వీపు మీద తువ్వాలు వేసేది ఊరికే కాదు.

అసలు తోలులోనూ తేడాలున్నాయి. పైపొర తోలు ఏళ్ళు గడిచేకొద్దీ నునుపుదేరి అందం పెరుగుతుంది. తోలు తుక్కును జిగురుతో అతికి చేసే బాండెడ్ లెదర్ పేరులో తోలుంది గానీ అది పెచ్చులూడటంలో రెగ్జిన్‌కేం తీసిపోదు. తీరంలో ఉంటున్నవాళ్ళకు నా సలహా గుడ్డే. జిప్పు తీసి ఉతుక్కునే కవరైతే మరీ మేలు.

గుడ్డ ఎన్నాళ్ళు మన్నుతుందో చెప్పే పరీక్ష ఒకటుంది. 1942లో, యుద్ధకాలంలో, ఇంగ్లండ్‌లోని లీడ్స్ ఉన్ని పరిశోధన సంస్థలో మార్టిండేల్ అనే శాస్త్రవేత్త ఓ యంత్రం చేశారు. గుడ్డ ముక్కను బిగించి, దాని మీద ఉన్ని గుడ్డతో అన్ని దిక్కులా రుద్దుతూ, పోగులు తెగేదాకా లెక్కపెడుతుంది. ఇంట్లో రోజూ వాడే సోఫాకు 20 వేల రుద్దుళ్ళు పైబడ్డ గుడ్డ కావాలి. మంచి బ్రాండు గుడ్డల శాంపిల్ పుస్తకాల్లో వెనకవైపు ఈ అంకె ఉంటుంది. రంగు చూసి పేజీ తిప్పేయకుండా వెనక్కి తిప్పి చదవండి.

మలుపు దగ్గర ఆగిపోయిన లెక్క

మీటరు వెడల్పున్న నడవా ఎల్ ఆకారంలో తిరుగుతోంది. ఆ మలుపు తిప్పగలిగే అతి పెద్ద సోఫా వైశాల్యం ఎంత? 1966లో లియో మోజర్ అనే గణితవేత్త ఈ ప్రశ్న వేశారు. 1992లో జోసెఫ్ గెర్వర్ 18 ముక్కల అంచుతో ఓ ఆకారం గీసి, సుమారు 2.2195 చదరపు మీటర్లు అన్నారు. అంతకన్నా పెద్దది లేదని మాత్రం ఎవరూ రుజువు చేయలేకపోయారు. 2024 నవంబరులో దక్షిణ కొరియా గణితవేత్త జినోన్ బేక్ 119 పేజీల రుజువును విద్వాంసుల ముందు పెట్టారు. టెలిఫోన్ రిసీవర్‌ను పోలిన ఆ ఆకారంలో సోఫా ఎవరూ చేయించుకోరు గానీ, ఆ కష్టం మాత్రం అపార్ట్‌మెంట్ మెట్ల దగ్గర అందరికీ అనుభవమే. అడ్వాన్సు కట్టే ముందు నాలుగు కొలతలు తీసుకోండి: గుమ్మం వెడల్పు, లిఫ్టు లోపలి ఎత్తు, మెట్ల మలుపు, గదిలో సోఫా ఆనించే గోడ. ఎల్ షేప్ సోఫా విడిపోతుందో లేదో, కాళ్ళు ఊడతాయో లేదో అడగండి.

2018 ఆగస్టు 9న ఐకియా మన దేశంలో తన మొదటి దుకాణాన్ని హైదరాబాద్‌లో తెరిచినప్పుడు చాలామంది తెలుగువాళ్ళకు విడిభాగాలుగా పెట్టెలో వచ్చే ఫర్నిచర్ అలవాటైంది. మెట్ల మలుపుకు అంతకన్నా తేలికైన జవాబు లేదు.

రిక్లయినర్ వెనక జాగా

కాళ్ళు బారచాపుకుని వెనక్కి వాలే రిక్లయినర్ మొదట వరండాలో వేసుకునే చెక్క పలకల కుర్చీ. 1920ల చివర్లో అమెరికాలోని మన్రో పట్టణంలో ఎడ్వర్డ్ నాబుష్, ఎడ్విన్ షూమేకర్ అనే దగ్గరి బంధువులు దాన్ని చేశారు. తర్వాత మెత్త చేరింది, లేజీబాయ్ కంపెనీ పుట్టింది. వెనక్కి వాలాలంటే గోడకూ దానికీ మధ్య జాగా కావాలి. చిన్న హాలైతే సీటు ముందుకు జరిగి వాలే రకం అడగండి.

పొగ గురించి

ఇది చెప్పకుండా వదలడం సరికాదు. 1979 మే 8న మాంచెస్టర్‌లోని వూల్‌వర్త్స్ దుకాణంలో నిప్పంటుకుని పది మంది చనిపోయారు. మంటలు పట్టింది అమ్మకానికి పేర్చిన ఫోమ్ ఫర్నిచర్‌కు. పాలియురితేన్ ఫోమ్ కాలితే విషపు పొగ నిమిషాల్లో గదంతా కమ్మేస్తుంది. ఆ తర్వాత బ్రిటన్ 1988లో సోఫాలు, పరుపులకు గట్టి నిబంధనలు తెచ్చింది. మన ఇళ్ళల్లో సోఫా పక్కనే అగరొత్తులు, దీపావళికి దీపాలు, మెత్తల మధ్య చార్జింగ్‌లో ఫోను మామూలైపోయాయి. ఈ మూడింటినీ సోఫాకు దూరంగా ఉంచండి.

కొనడానికి వెళ్ళేటప్పుడు ఇంట్లో పెద్దవాళ్ళను వెంట తీసుకెళ్ళండి. వాళ్ళను కూర్చోబెట్టి, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా లేవమనండి. మీరు కూడా షోరూంలో కూర్చునేట్టు కాకుండా ఇంట్లో టీవీ ముందు కూర్చునేట్టు కూర్చుని పావుగంట గడపండి. మెత్త జిప్పు తీయించండి, అడుగు గుడ్డ విప్పించండి. రంగు సంగతి ఆ తర్వాత చూసుకోవచ్చు.